మూర

కొరుక్కుపేట కార్పొరేషన్ బడి, నాలుగో తరగతి.
కిటికీ అవతల గూడ్సు పట్టాలు.
బండి వచ్చిందంటే పాఠం ఆగాల్సిందే,
యాభై ఎనిమిది పెట్టెలూ పోయిందాకా.
వస్తోందని మాకు ముందుగా చెప్పేది
చెవులు సరిగ్గా వినపడని దేవసగాయం.
బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు.
వాడు చెయ్యెత్తితే సుద్దముక్క కింద పెట్టేస్తాను.
కూత ఆ తర్వాత ఎప్పటికో.

ఇవాళ కొలతలు.
పుస్తకంలో ఒక పిల్లాడు, ఒక పెన్సిలు, ఒక స్కేలు.
పొడవెంత? ఖాళీని పూరించండి.
నా దగ్గర ముప్పై నలుగురు, ఒకటే స్కేలు.
దాని మొన విరిగింది,
రెండు నుంచి మొదలవుతుంది.

పెంచల్‌కి ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం.
వాడు తడబడ్డ చోట వంగి
"జాన రా, జానెడు" అంటాను చెవిలో,
దొంగసొత్తు చేతిలో పెట్టినట్టు.
నేనూ ఆ వీధి పిల్లనే.
మా అమ్మ మాటని ఉద్యోగంలో చేరిన రోజున
చీర కొంగున ముడేసుకున్నాను.

లఖీందర్ వచ్చి మూడు వారాలు, గిడ్డంగి వాచ్‌మన్ కొడుకు.
ఇంకా నోరు విప్పలేదు.
వాడి నోటుబుక్కులో మాత్రం నా చెప్పులున్నాయి,
తెగిన పట్టీతో సహా.
జెసింతా రాసే అక్షరాలు
గోడవైపు తిరిగి నిలబడతాయి,
ఎవరో శిక్ష వేసినట్టు.

కుయిలి మూడో బెంచీలో నిద్రపోతుంది.
తెల్లారగట్ల మూడున్నరకి
తల్లి వెంట పూలబజారుకి పోయొచ్చే పిల్ల.
పోయినేడు దాని రిపోర్టులో
'శ్రద్ధ లేదు' అని రాసింది నేనే.
నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది,
అందరూ మెచ్చుకుంటారు.

"ఈ బోర్డు పొడవెంత?" అన్నాను,
విరిగిన స్కేలు పట్టుకుని, ఎవరూ చెప్పరని తెలిసే.
కుయిలి లేచి వచ్చింది, కళ్ళు నులుముకుంటూ.
మోచెయ్యి బోర్డు అంచున పెట్టి, వేళ్ళు చాచి,
వేళ్ళ కొసన మళ్ళీ మోచెయ్యి.
ఏడు మూరలు.
చివర ఇంకో రెండు వేళ్ళు గోడ మీదికి జరిపింది.
అలవాటు, కొసరు.

పెంచల్ కొలిస్తే ఆరున్నర.
నేను కొలిస్తే అయిదున్నర.
ఎవరిది తప్పని గోల మొదలైంది.
నేను మీటర్ల సంగతి ఎత్తబోయేలోగా
కుయిలి చెప్పింది:
"అమ్మ వేస్తే ఎవరూ ఏమనరు టీచర్.
నేను వేస్తే, నీ చెయ్యి చిన్నది కదే అని
పోట్లాడతారు."
"మరేం చేస్తావు?"
"ఇంకొంచెం వేస్తాను."

అంతే అంది. వెళ్ళి కూర్చుంది.
పదహారేళ్ళుగా నేను వెళ్ళొచ్చిన శిక్షణ తరగతుల్లో,
టీ బిస్కెట్లతో సహా,
ఇంత పొట్టి పాఠం ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత బెంచీలు కొలిచారు, గుమ్మం కొలిచారు,
దేవసగాయం నన్నే కొలిచాడు, నాలుగు మూరలు.
లఖీందర్ కొలవలేదు,
కొలుస్తున్న చేతుల్ని గీశాడు.
జెసింతాకి ఇవాళ కూడా ఏమీ పట్టుబడలేదు.
దాని మూర ఎక్కడుందో నాకింకా తెలీదు.
ఈ మాటా రాసి పెట్టుకోవాలి.

పై ఆఫీసు ఫారంలో జవాబుకి ఒకటే గడి.
పెన్ను మూత తీశాను.
అప్పుడే దేవసగాయం చెయ్యెత్తాడు.
యాభై ఎనిమిది పెట్టెల సేపు
ఆ గడి ఖాళీగా ఉంది, హాయిగా.

సాయంత్రం గేటు దగ్గర రెండు మూరల మల్లెలు కొన్నాను.
తల్లి చెయ్యి చాపబోతే
వద్దు, పిల్లని వెయ్యమన్నాను.
కొసరు అడగలేదు.
వేసింది.